మీరేవిట్లు?

మిరపకోతల రోజుల్లో మా ఐదో తరగతి పాప ప్రార్థనలో నిలబడి నిలబడి కూలబడింది. కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. చేలో ఉన్న వాళ్ల యాడిని పిలిపించి, ఇద్దర్నీ ఆటోలో జగ్గయ్యపేట తీసుకుపోయాను.

"మీరేవిట్లు?" అన్నారు డాక్టరు.

"సుగాలీలమండీ."

"అయితే సికిల్ సెల్లే. ఎస్టీల్లో ఉండేదేగా. పుట్టుకతో వచ్చినదానికి ఏం చేస్తాం?"

చుక్క రక్తమైనా తీయలేదు. తిరుగుదారిలో ఆ తల్లి, "మాస్టారూ, పుట్టుకతోనంటే నా వల్లేనా?" అంది. నాకు జవాబు దొరకలేదు.

వారం తర్వాత ఇంకోచోట పరీక్షలు చేయించాం. హిమోగ్లోబిన్ ఏడు. సికిల్ సెల్ లేదు. కడుపులో కొంకిపురుగులు, ఒంట్లో ఐరన్ లోటు. పురుగుల మాత్ర వేసి, ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడాక పాప మళ్లీ కబడ్డీ ఆడింది.

ఎస్టీ అనేది ప్రభుత్వం రాసుకున్న జాబితా. సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు, కోయలు, సవరలు ఒకే జాబితాలో ఉన్నారుగాని ఒకే తాత బిడ్డలు కారు. సికిల్ సెల్‌ను 1910లో చికాగోలో ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో చూసి, చాలాకాలం అది నల్లవాళ్ల జబ్బే అనుకున్నారు. తర్వాత గ్రీసులోని తెల్లవాళ్లలోనూ, 1952లో మన నీలగిరి ఆదివాసుల్లోనూ కనబడింది. ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అందుకే మలేరియా ఉన్నచోట అది నిలబడింది. దోమకు ఒంటి రంగుతో పనేముంది?

అలాగని కులం అడగడమే తప్పు అనను. మన పేట వైశ్యుల్ని ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు అడుగుతాడు, అడగాలి కూడా. వాళ్లలో కొందరికి సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైమ్ ఒంట్లో ఉండదు. నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలు గంటల తరబడి కదలవు, ఊపిరికి మిషను పెట్టాలి. తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ లోపం వాళ్లలో ఎక్కువగా నిలిచిపోయింది. అక్కడ కులం అడిగేది జాగ్రత్త పడటానికి. మా పాపకు మాత్రం ఆ ప్రశ్నతోనే వైద్యం అయిపోయింది. (షావుకారును "ఏం చేస్తాం" అని పంపేస్తారా?)

ఇది చదివి పిల్లలెవరూ పరీక్ష ఎగ్గొట్టొద్దు. అల్లూరి జిల్లా మన్యంలో, భద్రాచలం ఏజెన్సీలో సికిల్ సెల్ నిజంగానే ఉంది. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్ష చేయాలంటోంది. ఒక్క జన్యువే ఉంటే మామూలుగా జబ్బు ఉండదు. భార్యాభర్తలిద్దరికీ ఒక్కొక్కటి ఉంటేనే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి. పెళ్లీడు పిల్లలకు ఈ లెక్క టీచర్లే చెప్పాలి. కార్డు చూసి ఆడపిల్లకు వంక పెట్టేవాళ్లకు ముందు చెప్పాలి.

మొన్న ఆ తల్లి బడికొచ్చి, "మాస్టారూ, చిన్నోడు కూడా నీరసంగా ఉంటున్నాడు. ఈసారి ముందు రక్తం చూడమందాం," అంది. శనివారం పోతున్నాం.