ఎండిన కుంటలో వసంతం

వసంతమనగానే మన కావ్యాలలో మామిడి చిగుళ్లు, కోయిల కూతలు, నిండు కొలనులలో విరిసిన తామరలు కన్నుల ముందు నిలుస్తాయి. అనంతపురం పీఠభూమిలో పుట్టి పెరిగినవారికి మాత్రం వసంతం మరొక రూపంలో పరిచయమవుతుంది. ఉగాది నాటికి ఇక్కడ కూడా వేప పూస్తుంది, కానుగ చిగురిస్తుంది. కాని అప్పటికే వంకలలో ఇసుక తేలి ఉంటుంది. చెరువులలో నేల నెర్రెలు విచ్చుతుంది. ప్రతి నీటి వనరూ తన అడుగును బయటపెట్టే కాలమది. అందుచేత కుంటను బాగుచేసుకోవడానికి మా ప్రాంతం వారు ఎన్నుకొన్న కాలం కూడా అదే.

ఈ నేల స్వభావం తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. అనంతపురం ప్రాంతంలో సాలీనా కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమలను దాటేసరికే తమ బరువును చాలావరకు దించుకొంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపినంతగా ఇంత దూరం వచ్చి తడపలేవు. ఆ కొద్దిపాటి వాన కూడా ఏడాది పొడవునా పంచినట్లు కురవదు. చాలావరకు కొన్ని పెద్ద జల్లులలోనే కురిసి వెళ్లిపోతుంది. ఎర్రగరుసు నేల మీద పడిన నీరు క్షణాలలో వంక పడుతుంది. దానిని ఆపే చోటు సిద్ధంగా లేకపోతే, ఆ ఏటి వాన ఆ ఊరికి కురిసీ కురవనట్లే.

మా ఇంటి పెరటిలో అలాంటి చోటు ఒకటి ఉన్నది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మనిషి నిలువు లోతు గల చిన్న కుంట అది. మా అవ్వ కాపురానికి వచ్చేనాటికే అది ఉండేదట. ఇంటి మిద్దె మీది నీరు, పశువుల కొట్టం కప్పు నుండి జారిన నీరు, వెనుకనున్న మిట్ట మీది నీరు చిన్న కాలువ గుండా వచ్చి అందులో చేరుతాయి. నిలిచిన నీరు వంగ మొక్కలకు, గోరుచిక్కుడు పాదులకు, మల్లె పందిరికి, పశువులకు ఉపయోగపడుతుంది. ఇంకిన నీరు పక్కనే ఉన్న చేదబావికి ఊటగా చేరుతుంది.

ఉగాది పండుగ ముగిసిన తరువాత ఇంటిల్లిపాదీ పారలు, గడ్డపారలు, తట్టలు పట్టుకొని కుంటలోకి దిగుతాము. పూడిక తీయడానికి తగిన అదను తెలియాలి. తడిగా ఉన్నప్పుడు అది పారకు అంటుకొని కదలదు. నెర్రెలు విచ్చిన తరువాత పెచ్చులు పెచ్చులుగా సులువుగా లేస్తుంది. రోళ్లు పగులుతాయనిపించే రోహిణి ఎండలు రాకముందే ఆ పని ముగించాలి. ఆ పూడిక వ్యర్థపదార్థం కాదు. వాన కడిగి తెచ్చిన సారమంతా అందులోనే ఉంటుంది. దానిని పాదులలో, ఎర్రనేల చేలలో చల్లితే తడి నాలుగు దినాలు ఎక్కువగా నిలుస్తుంది.

తవ్వడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆపాలో తెలియడం అంత ముఖ్యం. అడుగున గరుసు తగలగానే పార ఆగాలి. ఆ తరువాత కట్ట పని. కట్టకు ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొక్కలను జిగటమన్నుతో పూడ్చి దిమ్మిస కొట్టాలి. కట్టలోకి వేళ్లు దింపిన కంపచెట్లను చిన్నవిగా ఉన్నప్పుడే పెరికివేయాలి. నీరు లోపలికి వచ్చే చోట ఒక చిన్న గుంత తీస్తే, ఇసుకా చెత్తా అందులో నిలిచి తేటనీరు కుంటలో చేరుతుంది. అదనపు నీరు పొర్లిపోయే మరవను కట్ట కంటె మూరెడు తక్కువ ఎత్తులో ఉంచి, దాని కింద బండలు పరచాలి. మరవ సరిగా లేని కుంటను కరువు చంపదు; మొదటి పెద్ద వానే తెంచివేస్తుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవచ్చు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీరు. మా కుంటకు నీరిచ్చే నేల సుమారు వెయ్యి చదరపు మీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల జల్లు పడితే ఇరవై వేల లీటర్లు కురిసినట్లు. అందులో సగం పారినా పది వేల లీటర్లు కుంటకు చేరుతాయి. కుంట అడుగున జానెడు పూడిక పేరుకొంటే సుమారు ఇరవై వేల లీటర్ల చోటు పోతుంది. అంటే రెండు మంచి జల్లుల నీటిని మనమే గడప దాకా వచ్చిన అతిథిని పంపించినట్లు పంపివేస్తున్నామన్నమాట.

అవ్వ ఏ ఏడూ కుంటను మూల మూలనా తవ్వనిచ్చేది కాదు. ఈశాన్య మూల చెట్టు నీడన కొంత బురదను అలాగే వదలమనేది. ఆ బురదలో కప్పలు వేసవి నిద్రలో ఉంటాయి. కలువ దుంపలు తడి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. తొలకరి రాత్రి వినిపించే కప్పల బెకబెకలు ఆ మూల నుండే మొదలవుతాయి. కప్పలూ చిరుచేపలూ ఉన్న కుంటలో దోమపిల్లలు పెరగలేవని ఆమెకు అనుభవం నేర్పింది.

ఈ కుంటకు ప్రాణాపాయం వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. ఇంటికి బోరు వేసిన తరువాత నీటికి కొదవ లేదనిపించింది. మీట నొక్కితే నీరు వస్తుండగా పూడిక తీసే ఓపిక ఎవరికుంటుంది? కొన్నేళ్లు కుంట వైపు ఎవరూ చూడలేదు. 2002లో నైరుతి ఋతుపవనాలు మొగం చాటేశాయి. బోరు ఎండిపోయింది. కుంటలో చుక్క లేదు. ఎందుకూ కొరగాని గుంతను మట్టితో పూడ్చి రెండు గదులు వేసుకొందామని మా చిన్నాయన అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పెరిగిన కుటుంబానికి ఇల్లు చాలడం లేదు. ట్రాక్టరుతో మట్టి తోలించడానికి మాట కూడా అయింది.

అవ్వ ఆ సాయంత్రం కుంట గట్టున కూర్చొని చిన్నాయనతో అన్నది: “వాన వచ్చేది మన చేతిలో లేదప్పా. వచ్చిన వానకు చోటు పెట్టేది మన చేతిలో ఉండాది గదా. ఆ చోటు గూడా పూడ్సేస్తే, రేపు వాన వస్తే యాడికి రమ్మంటావు?”

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి దినం మట్టి ట్రాక్టరు రాలేదు. గదులు కొట్టం పక్కన, కొంత ఇరుకుగానే లేచాయి. ఆ వేసవిలో మోకాటి లోతు పూడిక తీశాము. తరువాతి ఏండ్లలో వానలు పడినా బోరు తిరిగి పారలేదు. అది వందల అడుగుల లోతు నుండి ఏండ్ల తరబడి తోడుకొన్న అప్పు. రెండు వానలతో తీరేది కాదు. కాని చేదబావిలో నీరు మునుపటి కంటె మరికొన్ని వారాలు నిలిచింది. కరువు సీమలో ఆ కొన్ని వారాలే పశువులను సంతకు తోలకుండా ఆపుతాయి.

పెరటి కుంటకు వర్తించే ధర్మమే పెద్ద చెరువులకూ వర్తిస్తుంది. అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. దాని కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణమిచ్చిందన్న గాథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా మలిచారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు శ్రమించి ఆ చెరువును నిర్మించారని అది తెలుపుతుంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా పేర్కొంటుంది. కట్ట నుండి నీరు కారడం, చెరువు నడుమ మెరక ఉండడం వాటిలో ఉన్నాయి. మేము ప్రతి చైత్రంలో పెరటిలో సరిచేసుకొనేవి ఆ దోషాలనే.

చెరువును తవ్వించడంతోనే పని తీరదని పూర్వులకు తెలుసు. కనుకనే దాని పోషణకు దశబంధం ఇనాములు ఇచ్చారు. నీటిని పంచడానికి నీరుగంటిని నియమించుకొన్నారు. ఆ ఏర్పాట్లు సడలిన చోట చెరువులు పూడిపోయాయి. మన కాలంలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఈ సీమలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ పథకం కింద చేలలో ఎన్నో నీటి కుంటలు తవ్వారు. తవ్వినవారికి కూలి దొరికింది, నేలకు నీరు దొరికింది. అయితే కుంట ఒకసారి తవ్వితే తీరిపోయే పని కాదు. ఏటేటా చూసుకోవలసిన బంధుత్వం.

అవ్వ ఇప్పుడు లేదు. చిన్నాయన పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉగాదికి వచ్చినవారు మరొక దినం ఆగి తట్టలెత్తి వెళ్తారు. మట్టి మోసిన చేతులు బొబ్బలెక్కుతాయి. ఆ దినం కుంటలో చూడడానికి అందమైనదేదీ ఉండదు. విద్యార్థులారా! మీ ఊరి కుంట నిండినప్పుడు చూడడానికి అందరూ వస్తారు. అది ఎండినప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. పూడిక ఎంత ఉన్నదో, నీరు వచ్చే దారి తెరిచి ఉన్నదో లేదో గమనించండి. ముంగారు వానకు ముందు ఇంకా కొన్ని దినాల గడువు ఉంటుంది.