ఉయ్యాల మీద చెప్పు

అక్టోబరు 3, శ్రీకాకుళం
నాన్న బైండు చేయించుకున్న పాత ‘యువ’ సంచికలు అటక మీంచి దించాను. వ.పా. బొమ్మ వచ్చిన పుట దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. వడ్డాది పాపయ్య పుట్టింది ఈ ఊళ్లోనే, 1921లో.

అక్టోబరు 4
ఆ బొమ్మ మీద భూతద్దం పెడితే పసుపూ ఎరుపూ నీలం, అన్నీ అచ్చు చుక్కలే. తీసేస్తే మళ్లీ ఆడమనిషి. పైట ఎంత పలచగా ఉందంటే కింద ఒంటి రంగు తెలుస్తోంది. ఆమె చూపు మాత్రం మనమీద లేదు. తన సింగారం తనకోసమే అన్నట్టు నిలబడింది. పత్రికల బొమ్మలని వీటిని చిన్నచూపు చూసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అక్టోబరు 6, విజయనగరం
పైడితల్లి అమ్మవారి జాతర తొలేళ్ల జనంలో రైలు దిగేసరికి చీకటి పడింది. పైడితల్లి ఊళ్లో అడుగుపెడితే చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గుర్తొస్తారు. బొబ్బిలిలో 1919లో పుట్టి, మద్రాసులో చదివి, పల్లె ఆడవాళ్ల ముస్తాబును గీతల్లో పట్టినవాడు. పాపయ్య కన్నా రెండేళ్లు పెద్ద.

అక్టోబరు 7
రాత్రి స్నేహితురాలి ఇంట్లో ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ ‘ఉయ్యాల’ బొమ్మ చూశాం. 1767 ప్రాంతానిది, అసలు పటం లండన్ వాలెస్ కలెక్షన్‌లో ఉంది. మూడడుగుల ఎత్తు కూడా లేదు. గులాబిరంగు గౌనులో అమ్మాయి ఊగుతోంది. వెనక నీడలో పెద్దాయన తాళ్లు లాగుతున్నాడు. ముందు పొదలో కుర్రాడు దాక్కున్నాడు. రాతి మన్మథుడు పెదవి మీద వేలు పెట్టుకున్నాడు. గాల్లో ఆమె చెప్పు. ఇదంతా తేలికబారు కళ అంటారు. అంత తేలిగ్గా కనబడేలా గియ్యడానికి ఎంత సాధన కావాలి! రొకోకో అనే ఈ శైలికి తెలుగులో మాట వెతకమంటే ‘సరసం’ అంటాను. అందులో రసం ఉంది.

అక్టోబరు 9, అట్లతద్ది, శ్రీకాకుళం
తెల్లారకముందే చద్దన్నాలు తిని పిల్లలు చింతచెట్టు ఉయ్యాల ఎక్కేశారు. కొమ్మ కిర్రుమంటోంది. చెట్టు మొదట్లో చెప్పులన్నీ కుప్ప.

సాయంత్రం మామ్మకి ఫోనులో ఫ్రాగొనార్ బొమ్మ చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.
“ఓలమ్మా, ఆ చెప్పు జారిపోలేదే. కావాలనే ఒగ్గేసినాది.”
మళ్లీ చూశాను. నిజమే. పాదం సాచి ఉంది, చూపు పొదలోని కుర్రాడి మీదే ఉంది. ఇన్నిసార్లు చూసి నేను చెప్పునే చూశాను.
“నువ్వూ ఒగ్గేశావా మామ్మా, ఎప్పుడైనా?”
వినబడనట్టే వాయనం అట్లు లెక్కపెట్టుకుంటోంది. పదకొండు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.