ఆర్సీ మీద అయ్యవారి పేరు

మా వెలుగోడులో కొత్త కార్ల షోరూములు లేవు. కొత్త బండి కావాలంటే నంద్యాలో కర్నూలో పోవాల్సిందే. పాత బండికి మాత్రం నాలాంటివాళ్ళం ఉన్నాం. బోర్డు మీద ‘కార్ కన్సల్టెన్సీ’ అని రాసుకుంటాం, ఊళ్ళో ‘కార్ల బ్రోకరు’ అంటారు. 16.95 టీఎంసీలు పట్టే రిజర్వాయరు ఊరికి ఆనుకునే ఉంది, తెలుగుగంగ కాలువల కింద వడ్లు పండుతున్నాయి. పంట చేతికొచ్చిన నెలల్లో పాత బొలెరోకూ ఆల్టోకూ గిరాకీ. కొనేవాడు తెలిసినవాడు, అమ్మేవాడు అంతకంటే తెలిసినవాడు. ఈ వ్యాపారానికి పెట్టుబడి డబ్బు కంటే ముందు మాట.

ఆ మాట నిలబడాలంటే ఊళ్ళో నలుగురికీ కనబడుతూ ఉండాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఎండాకాలం వస్తే చలివేంద్రం, తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకు ఒక బహుమతి, వినాయక మండపానికి చందా, రంజాన్ నెలలో ఒకరోజు ఇఫ్తార్, పిల్లల క్రికెట్ టోర్నమెంటుకు కప్పు. ప్రతిదానికీ ఫ్లెక్సీ. ప్రతిదానికీ విలేకరికి ఫోటో, ప్రెస్ నోట్. జిల్లా ఎడిషన్లో పడిన ముక్కలన్నీ కత్తిరించి, తేదీలు వేసి, ప్లాస్టిక్ కవర్ల ఫైల్లో పెట్టుకునేవాణ్ణి. షాపుకొచ్చినవాళ్ళు కూర్చునే చోటే టేబుల్ మీద ఉండేది ఆ ఫైలు.

ఇది మా ఊరి అలవాటు మాత్రమే కాదు. అమెరికాలో టైమ్ పత్రిక 1970 నుంచీ ప్రతి ఏడూ ఒక కార్ల డీలర్‌కు అవార్డు ఇస్తోంది. ఎన్ని కార్లు అమ్మాడన్న దానితోపాటు ఊరికి ఏం చేశాడన్నదీ చూస్తారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు చాలా గర్వమనిపించింది. వాళ్ళు చేసేదే మనమూ చేస్తున్నాం కదా అనుకున్నాను. చలివేంద్రం పెట్టడం తప్పని ఇప్పటికీ అనను. మా సీమ ఎండలో బస్సు దిగినవాడికి కుండనీళ్ళు ఎంత అవసరమో నాకు తెలుసు. నా తప్పు వేరే చోట జరిగింది, ఆ తప్పుకు ఫోటో లేదు.

పాత కారు చేతులు మారేది ఎలాగో చెప్పాలి. అమ్మే మనిషి ఫారం 29 రెండు కాపీల మీద, ఫారం 30 మీద సంతకం పెట్టి ఇస్తాడు. కొనేవాడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. మేం బండి మా పేరు మీదికి మార్చుకోం. మార్చుకుంటే ఫీజు కట్టాలి, పైగా సెకండ్ ఓనర్ బండి థర్డ్ ఓనర్ బండి అవుతుంది, రేటు పడిపోతుంది. కొన్నవాడు కూడా వెంటనే మార్చుకోడు. ఒకడికి ఫైనాన్స్ తీరలేదు, ఒకడు ఆరునెలలు తిప్పి మళ్ళీ అమ్మేద్దామనుకుంటాడు, ఒకడికి నంద్యాల ఆర్టీవో ఆఫీసు దాకా పోయే ఓపిక లేదు. ఆ ఖాళీ ఫారాలు బండితోపాటే డ్యాష్‌బోర్డు అరలో చేతులు మారుతుంటాయి. దీన్నే మా వ్యాపారంలో ‘ఓపెన్‌లో ఇచ్చేయడం’ అంటాం. చట్టం మాత్రం సూటిగా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. నాకు ఈ సెక్షన్ తెలుసు. తెలిసే పక్కన పెట్టాను.

అయ్యవారు నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పినాయన. రిటైరయ్యాక కంటిచూపు తగ్గి, కారు అమ్మేస్తానని నా దగ్గరికే వచ్చారు. ఏపీ 21 నెంబరు మీది వ్యాగనార్. శుభ్రంగా పెట్టుకున్న బండి. సర్వీసు బిల్లులన్నీ తారీఖుల వారీగా ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. నేను చూపించిన చోటల్లా కళ్ళద్దాలు సర్దుకుని సంతకాలు పెట్టారు. “పేరు మార్పు నువ్వే చూసుకుంటావు కదప్పా?” అని అడిగారు. “నేను చూసుకుంటా సార్, మీరు నిశ్చింతగా ఉండండి” అన్నాను. వారం తిరక్కుండానే బండిని ఆత్మకూరు వైపు మనిషికి ఇచ్చేశాను. అతని పేరు, ఫోన్ నెంబరు జేబు డైరీలో రాసుకున్నాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను.

కరోనా మొదటి అల తగ్గాక ఒక పొద్దున అయ్యవారి కొడుకు ఫోన్ చేశాడు, నాన్న రమ్మంటున్నాడని. పోతే వరండాలో కోర్టు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. మోటారు ప్రమాదాల క్లెయిమ్ కేసు. రాత్రిపూట కారు ఒక బేల్దారి మేస్త్రీ మోపెడ్‌ను గుద్దింది. మేస్త్రీకి మోకాలి కింద కాలు తీసేశారు. కారు ఓనరుగా అయ్యవారిని ప్రతివాదిగా చేర్చారు.

“కారు నీకిచ్చి ఎన్నేండ్లయ్యెనప్పా? ఈ కాగితం నాకెట్ల వచ్చె?” అన్నారు. కోపంగా అన్లేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలన్నట్టు అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన భార్య లోపలినుంచి వచ్చి, “మా ఇల్లు గిన జప్తు చేస్తారా నాయనా?” అనింది. ఆ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు.

నంద్యాలలో లాయరు చెప్పినది వింటే కాళ్ళు చల్లబడ్డాయి. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. 2007లో అమ్మేసిన కారు వరసగా చేతులు మారి 2009లో ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుందో వాళ్ళే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్ళదే అంది. దెబ్బ తిన్నవాడు ఈ కారు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది కోర్టు మాట. మొదట అన్యాయమనిపించింది. అమ్మాక బండి మొహం కూడా చూడని మనిషి ఎందుకు కట్టాలి? రెండోసారి ఆలోచిస్తే కోర్టు చెప్పిందే సరి. కాలు పోయినవాడు తిరగలేడు. తిరగాల్సింది బండి చేతులు మార్చినవాణ్ణి, నేను.

ఇన్సూరెన్స్ ఉంటే అయ్యవారి మీద ఇంత బరువు పడేది కాదు. పాత బండికి ఏటేటా పాలసీ కట్టుకోవాలి. పాలసీ అయ్యవారి పేరు మీదే ఉండిపోయింది, గుర్తుచేసే మెసేజీలు ఆయన పాత ఫోన్ నెంబరుకే పోయాయి. బండి నడుపుతున్నవాళ్ళు పట్టించుకోలేదు. ప్రమాదం నాటికి పాలసీ లేదు.

డైరీలో నెంబరుకు ఫోన్ చేస్తే ఆత్మకూరు మనిషి ఎప్పుడో అమ్మేశానన్నాడు, నల్లమల అవతల మార్కాపురం దిక్కు మనిషికి. ఆయన ఇంకొకరికి. ఓపెన్ ఫారాల మీద అప్పటికీ ఎవరి పేరూ లేదు. అయ్యవారి సంతకం మాత్రం ఉంది. ఆ సంతకం ఫోటో వాట్సాప్‌లో నాకొచ్చినప్పుడు షాపులో ఒక్కణ్ణే ఉన్నాను. చలివేంద్రం ఫోటోలకు తారీఖులు వేసి పెట్టుకున్న నేను, ఏ బండి ఎవరికిచ్చానో ఒక రిజిస్టరు రాసి ఉండలేదు.

మేస్త్రీ ఇంటికి పోవద్దని లాయరు అన్నాడు. అయినా పోయాను. ఒక గది ఇల్లు. మంచం కింద తాపీ, రసమట్టం, తూకం గుండు ఒక సంచిలో ఉన్నాయి. సంచి మూతికి తాడు కట్టి ఉంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భార్య అప్పుడే మిరప కోతకు పోయి వచ్చి చేతులు కడుక్కుంటోంది.

“ఎవరన్నా నువ్వు? ఇన్సూరెన్సోళ్ళా?”

“కాదు తల్లీ. ఆ కారు అమ్మినోన్ని.”

“ఎవరికి అమ్మినావు?”

ఒక్క పేరు చెబితే సరిపోయే ప్రశ్న. నేను చెప్పగలిగిన పేరు కారును ఆ రాత్రి నడిపినవాడిది కాదు. చేతులు మారిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కొంతసేపు విని, “ఇంతమంది చేతుల్లో తిరిగితే మేమెవర్ని అడగాల?” అనింది. సుప్రీంకోర్టు పేజీల కొద్దీ రాసిన సంగతి ఆమె ఒక్క మాటలో అడిగింది. మేస్త్రీ నా బూట్లకేసి చూస్తూ, “నీళ్ళు తాగుతావా?” అన్నాడు.

కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీకొచ్చింది. బండి నడిపినవాణ్ణి, నడుమ కొన్నవాళ్ళను వెతికి పట్టుకుని తలా కొంత ఒప్పించడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ఒకరు అసలు ఫోనే ఎత్తలేదు. అయ్యవారి మీద పడిన భాగం నేనే కట్టాను. ఆయన వద్దన్నారు, సంతకం పెట్టింది నేనే కదా అన్నారు. నేను వినలేదు. ఆ డబ్బు మేస్త్రీకి కాలు తెచ్చిపెట్టదు. ఆయన ఇప్పుడు కట్టుబడి పనుల దగ్గర కూర్చుని కొలతలు చెబుతుంటాడు. కూలి పూర్తిగా రాదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఆర్సీ మారందే బండి తాళం ఇవ్వను. ఫైనాన్స్ ఉన్న బండికి ఫారం 35 వచ్చి హైపోథికేషన్ తీసేసిందాకా బేరమే మాట్లాడను. పాలసీ ఎన్ని రోజులుందో కొనేవాడి ఎదుటే చూస్తాను. చెప్పడం సులువు, మొదటి ఏడాది గిరాకీ సగం పోయింది. “పక్క షాపులో ఓపెన్‌లో ఇస్తున్నారు కదన్నా, నీకేం వచ్చె?” అని లేచిపోయినవాళ్ళున్నారు. తోటి డీలర్లకు కూడా కోపం వచ్చింది. వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. ట్రాన్స్‌ఫర్‌కు తిరిగే రోజులకు లెక్క కట్టేవాడెవడూ లేడు, కమీషన్ మాత్రం ముందున్నంతే.

చట్టం కూడా మా వైపు కొంచెం జరిగింది. 2022 డిసెంబరులో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బండ్ల డీలరు ఆర్టీవో దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించిన సంగతి ఆన్‌లైన్లో తెలిపితే, అప్పటినుంచి బండికి జవాబుదారీ డీలరే. ట్రయల్‌కో మరమ్మతుకో తప్ప రోడ్డెక్కించకూడదు, తిప్పిన ప్రతిసారీ రాసి ఉంచాలి. ఈ నిబంధన అంతకు ముందే ఉండి, నేను పాటించి ఉంటే, బండి నా షాపులో ఉన్నన్నాళ్ళూ అయ్యవారు నిశ్చింతగా ఉండేవారు. మా డీలర్లలో చాలామంది దీన్ని భారమనుకుంటారు. నాకు మాత్రం ఊరికి మనం చేయగలిగిన పనుల్లో ఇది మొదటిదనిపిస్తుంది. చందా ఎవరైనా ఇవ్వగలరు. ఈ కాగితం పని మనం తప్ప ఎవరూ చేయలేరు.

2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలినప్పుడు వార్తలు చూస్తూ కూర్చున్నాను. అదీ చేతులు మారిన పాత కారే. పోలీసులు ముందు పోయింది రికార్డులో పేరున్న పాత ఓనరు దగ్గరికి. మరుసటి రోజు పొద్దున్నే షాపుకు ముగ్గురు నలుగురు వచ్చారు, ఎప్పుడో అమ్మిన బండ్ల సంగతి అడగడానికి. వాళ్ళలో నా దగ్గర అమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయనది ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. పాత రోజుల్లో నెంబరు చూస్తే బండి ఏ జిల్లాదో తెలిసిపోయేది, ఏపీ 21 అంటే మన కర్నూలు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ వచ్చింది. కొత్త నెంబరు చూసి ఇది ఎవరిదై ఉంటుందని ఊహించే వీలు కూడా పోయింది. రికార్డు తప్ప వేరే సాక్ష్యం లేదు.

చలివేంద్రం ఇప్పటికీ పెడుతున్నాను. ఫ్లెక్సీ ఖర్చు మానేసి పక్కనే ఒక టేబుల్ వేశాను. మా కుర్రాడు కూర్చుని, నీళ్ళు తాగడానికి ఆగినవాళ్ళ ఇన్సూరెన్స్ గడువు, ఆర్సీ పేరు ఫోన్లో చూసి చెబుతాడు. మొదట్లో పోలీసుల మనిషనుకుని దూరంగా జరిగేవాళ్ళు. ఇప్పుడు బండి పక్కన పెట్టి వాళ్ళే వస్తున్నారు. ఎక్కువమందికి పాలసీ అయిపోయి ఉంటోంది. చాలామందికి అది అయిపోయిన సంగతే తెలియదు.

నా పాత జేబు డైరీలు అన్నీ తీసి ఒక రిజిస్టరులోకి ఎక్కించాను. కొన్ని బండ్లకు మనిషి దొరికాడు, కొన్నింటికి ఫోన్ నెంబరు కూడా పని చేయడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎప్పుడైనా నా దగ్గర గానీ, ఇంకే కన్సల్టెన్సీలో గానీ కారు అమ్మినవాళ్ళు దయచేసి ఎంపరివాహన్ యాప్‌లో పాత నెంబరు కొట్టి చూసుకోండి. పేరులో కొన్ని అక్షరాలు దాచి చూపిస్తుంది, అయినా మీదో కాదో గుర్తుపట్టవచ్చు. మీదే అయితే కొన్నవాడి ఆధారాలు పట్టుకుని ఆర్టీవోకు రాతపూర్వకంగా తెలపండి, రసీదు తీసుకోండి. వెలుగోడు చుట్టుపక్కల వాళ్ళైతే ఆర్సీ జిరాక్సు, డెలివరీ లెటరు ఉంటే అదీ తీసుకుని నా షాపుకు రండి, నంద్యాలకు నేను తోడొస్తాను. కాగితాలు పోయినా రండి. నెంబరు గుర్తుంటే చాలు, అక్కడినుంచి వెతుకుదాం.