దాహం సహనానికి కొలమానం కాదు

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు వెలుపలికి వచ్చేవారికి ఒక దృశ్యం సుపరిచితం. వెలుతురు ఇంకా పూర్తిగా పరుచుకోని రహదారుల పక్కన, పాఠశాలల క్రీడాస్థలాల్లో పద్దెనిమిది, ఇరవై యేండ్ల యువకులు పరుగు తీస్తూ ఉంటారు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంది. సైన్యంలో అగ్నివీరులుగా చేరగోరే వారికీ 1.6 కిలోమీటర్ల పరుగు తప్పదు. వర్షాధార సేద్యం మీద ఆశ సన్నగిల్లిన మన సీమలో ఎన్నో పేద కుటుంబాలు తమ భవిష్యత్తును ఈ పరుగు మీదనే నిలుపుకొన్నాయి. ఎంపిక ప్రకటన ఎప్పుడు వెలువడుతుందో తెలియదు కనుక సాధన వేసవిలోనూ ఆగదు. ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా కొందరు పది గంటల వరకు మైదానంలోనే ఉంటారు.

మా చెల్లెలి కుమారుడు కూడా అలా సాధన చేసినవాడే. రెండు వేసవుల క్రితం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. ఆ ఉదయం అతని సహచరుడొకడు పరుగు మధ్యలో తూలి, అర్థం లేని మాటలు మాట్లాడి, నేల మీద పడిపోయాడట. ఆ అబ్బాయి శిక్షణలో చేరి అప్పటికి మూడే రోజులు. పరుగు పూర్తయ్యేదాకా ఎవరూ నీళ్లు ముట్టరాదన్నది అక్కడి నియమం. నీళ్లు తాగేవాడు మెత్తబడతాడని, దాహం ఓర్చుకున్నవాడే గట్టిపడతాడని శిక్షకుడు చెప్పేవాడట. పక్కనే ఇల్లు కట్టుకుంటున్న మేస్త్రీ ఒకాయన పరుగున వచ్చి, గోడలు తడపడానికి ఉంచిన తొట్టిలోని నీళ్లను బకెట్లతో ముంచి ఆ పిల్లవాని మీద గుమ్మరించాడు. అల్లాహ్ దయవలన ప్రాణం దక్కింది.

ఇదంతా చెప్పి మా మేనల్లుడు నన్నొక ప్రశ్న అడిగాడు. "మామూ, దాహాన్ని ఓర్చుకోవడం సబ్ర్ కాదా? రోజాలో మనం చేసేది అదే కదా? మరి శిక్షకుడు చెప్పినదాంట్లో తప్పేముంది?"

అది ఆలోచించవలసిన ప్రశ్నే. ముప్పయి యేండ్లుగా పిల్లలకు హదీసు పాఠాలు చెబుతున్న నాకు దానికి సమాధానం ఆ పాఠాల్లోనే కనిపించింది. అతనికి చెప్పిన మాటలనే ఇక్కడ మరికొంత విస్తరించి రాస్తున్నాను. ఇలాంటి పిల్లలు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. వారి తల్లిదండ్రులకు కూడా ఈ మాటలు చేరాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు ఉపన్యసిస్తుండగా ఒక వ్యక్తి ఎండలో నిలబడి ఉండటం గమనించారు. విచారించగా, అతని పేరు అబూ ఇస్రాయీల్ అని, కూర్చోకుండా, నీడకు పోకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడని తెలిసింది. ప్రవక్త (స) అతణ్ణి కూర్చోమన్నారు, నీడకు వెళ్లమన్నారు, మాట్లాడమన్నారు, ఉపవాసాన్ని మాత్రం పూర్తి చేయమన్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ ఉదంతం ఎంత స్పష్టమైనదో చూడండి. ఉపవాసం ఆరాధన గనుక నిలిచింది. ఎండ ఆరాధన కాదు గనుక తొలగింది. శరీరాన్ని ఊరకే బాధించుకుంటే పుణ్యం రాదు.

హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్‌లో జరిగిన మక్కా విజయ యాత్ర ఇంకా దగ్గరి ఉదాహరణ. వేలాది సహాబీలు మదీనా నుండి ఎడారి దారిలో సాగుతున్నారు. అర్జ్ అనే చోట దైవప్రవక్త (స) ఉపవాస స్థితిలోనే, దాహానికో వేడికో, తలపై నీళ్లు పోసుకోవడం చూసినట్లు ఒక సహాబీ తెలిపారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ముందుకు సాగి కురాఉల్ గమీమ్ చేరేసరికి ప్రజలకు ఉపవాసం భారమైందని, అందరూ ఆయన ఏమి చేస్తారా అని చూస్తున్నారని ఎవరో విన్నవించారు. ఆయన అస్ర్ తరువాత నీళ్ల పాత్ర తెప్పించి, అందరికీ కనిపించేలా పైకెత్తి, తాగారు. అప్పటికీ కొందరు ఉపవాసం విరమించలేదని తెలిసినప్పుడు వారిని అవిధేయులన్నారు. సహీహ్ ముస్లింలో జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇది. ఆ పాత్రను పైకెత్తడంలోని ఆంతర్యాన్ని ప్రతి శిక్షకుడూ గ్రహించాలి. నాయకుడు తాగితేనే అనుచరులు సంకోచం లేకుండా తాగుతారు.

తీవ్రమైన ఎండలో జుహర్ నమాజును కాస్త చల్లబడేదాకా ఆలస్యం చేయమన్న ఆదేశం కూడా మనకు తెలిసిందే. ఒక ప్రయాణంలో ముఅజ్జిన్ అజాన్ ఇవ్వబోతే ప్రవక్త (స) ఆగమన్నారు. దిబ్బల నీడలు కనబడే వరకు ఆగారు. నమాజు వేళనే ఎండను బట్టి సర్దుకోమన్న ధర్మంలో, పరుగు వేళను సర్దుకోరాదని ఎవరనగలరు?

ఇక మన శరీరంలో ఏమి జరుగుతుందో చూద్దాం. కండరాలు పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. శరీరపు సహజ ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. బయటి గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి గాలిలోకి పోతుంది. మన సీమలో ఏప్రిల్, మే నెలల్లో గాలి చర్మం కంటే వేడెక్కుతుంది. అప్పుడు గాలి నుండి శరీరమే వేడిని తీసుకుంటుంది. ఆ స్థితిలో అల్లాహ్ మనకు మిగిల్చిన ప్రధాన ద్వారం చెమట ఒక్కటే. చెమట ఆరిపోతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. నీరు చాలకపోతే చెమట తగ్గుతుంది, రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది.

కోస్తావారి ఎండకూ మన ఎండకూ ఒక తేడా ఉంది. సముద్ర తీరంలో గాలి తేమగా ఉంటుంది గనుక చెమట ఆరక కారుతుంది, బట్టలు తడుస్తాయి. ఎంత నీరు పోయిందో మనిషికి తెలుస్తుంది. మన పొడిగాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉండటం చూసి పిల్లవాడు తనకు చెమట పట్టలేదనుకుంటాడు. సాయంత్రం ఆ చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కనిపించినప్పుడు తల్లికే మొదట తెలుస్తుంది. వేడిలో కఠినంగా శ్రమించేవారికి గంటకు లీటరు, ఒక్కొక్కరికి అంతకు మించి కూడా చెమట పోవచ్చు.

నీటి లెక్క తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం, సాధనకు ముందు, తరువాత బరువు చూసుకోవడం. తగ్గిన ప్రతి కిలో సుమారు ఒక లీటరు నీటికి సమానం. బరువులో రెండు శాతం నష్టపోతేనే పరుగు శక్తి తగ్గడం మొదలవుతుంది. అరవై కిలోల అబ్బాయికి అది 1.2 లీటర్లు. అంటే దాహంతో పరుగెత్తేవాడు గట్టిపడటం లేదు, నెమ్మదిస్తున్నాడు. తూకం లేనివారు మూత్రం రంగు చూసుకున్నా చాలు. లేత పసుపు మంచి సూచన, ముదురు రంగు నీటి కొరతకు గుర్తు.

సాధనకు రెండు గంటల ముందు అర లీటరు నీరు తాగాలి. సాధన సాగుతున్నంతసేపు పావు గంటకో ఇరవై నిమిషాలకో ఒక చిన్న గ్లాసు చొప్పున తాగాలి. తాగడంలోనూ సున్నతు ఉంది. కూర్చొని, మూడు గుక్కల విరామంతో, పాత్రలోకి ఊపిరి విడవకుండా తాగమన్నారు. అలాగని గంటల తరబడి ఉత్త నీళ్లే అతిగా తాగడమూ ప్రమాదమే. రక్తంలోని ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మూర్ఛ వరకు దారితీయవచ్చు. సుదీర్ఘ సాధన తరువాత ఉప్పు కూడా చేరాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి మన ఇళ్లలో ఉన్నవే. మన ప్రాంతపు నన్నారి షర్బత్ రుచికి, తృప్తికి మంచిదే కానీ అది చక్కెర నీరు, ఉప్పు లోటును తీర్చదు. ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని తీపి పానీయాలు ఆ పేరుతో అమ్ముడుపోతుండగా హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ యేండ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు చూసుకొని కొనండి.

శరీరం వేడికి అలవాటు పడుతుంది, అయితే దానికి పది నుండి పధ్నాలుగు రోజులు పడుతుంది. ఆ మొదటి రోజులే అత్యంత ప్రమాదకరమైనవి. మూడో రోజున పడిపోయిన ఆ అబ్బాయి ఉదంతం ఇందుకు నిదర్శనం. ఈ విషయంలోనూ మనకు ఒక హదీసు దారి చూపుతుంది. దైవప్రవక్త (స) గుర్రప్పందాలు నిర్వహించినప్పుడు, శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు ఐదారు మైళ్ల దూరం నిర్ణయించారు. శిక్షణ లేనివాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు సుమారు ఒక మైలు మాత్రమే. గుర్రాల విషయంలోనే ఇంత వివేచన ఉన్నప్పుడు, కొత్తగా చేరిన పిల్లవాణ్ణి ఆరునెలల సాధన ఉన్నవానితో సమంగా పరిగెత్తించడం న్యాయమా?

రోజా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2018, 2019 సంవత్సరాల్లో రమజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది. ఇప్పుడు చల్లని కాలం వైపు జరుగుతోంది. ఏ కాలమైనా, సాధన కోసం రోజా మానడం తగదు. రోజా కోసం సాధన వేళను మార్చుకోవడమే ఉత్తమం. ఇఫ్తార్ తరువాత గానీ, సహరీకి ముందు గానీ పరుగెత్తవచ్చు. పగటివేళ ప్రాణానికో ఆరోగ్యానికో నిజమైన హాని ఎదురైతే మాత్రం రోజా విరమించి తరువాత ఖజా చేయడానికి షరీఅత్ అనుమతించింది. ఉపవాసాన్ని విధించిన సూరా అల్ బఖరాలోనే అల్లాహ్ తన దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నాడన్న భావం ఉంది. మేనల్లుని ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. రోజాలో దాహాన్ని ఓర్చుకోమన్నది అల్లాహ్, దానికి హద్దు కూడా ఆయనే పెట్టాడు. మైదానంలో దాహాన్ని ఓర్చుకోమన్నది ఒక మనిషి, దానికి హద్దు లేదు.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు మన ఆడపిల్లలు కూడా సిద్ధమవుతున్నారు. చాలా మైదానాల్లో మరుగుదొడ్డి ఉండదు. అందుకని వారు ఇంటినుండి బయలుదేరే ముందే నీళ్లు తాగడం మానేస్తారు. ఇది వారు ఎవరికీ చెప్పుకోని బాధ. కూతుర్ని మైదానానికి పంపే తండ్రి ముందుగా ఆ వసతి ఉందో లేదో చూడాలి. ఒంటిని కప్పే వదులైన, లేత రంగు నూలు బట్టలు హయాకూ, ఎండకూ రెండింటికీ తగినవి.

ఇంత జాగ్రత్తపడినా ఎవరైనా తూలినా, తికమకగా మాట్లాడినా, పడిపోయినా అది వడదెబ్బేనని భావించి వెంటనే కదలాలి. ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అనుకోకండి. పరుగెత్తేవారికి ఒంటినిండా చెమట ఉండగానే రావచ్చు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటాక ప్రతి నిమిషమూ విలువైనదే. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగిలినవారు చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, పైబట్టలు తీసి, ఒంటినిండా నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల వద్ద మంచు ముక్కలో తడిబట్టలో ఉంచాలి. నీటి తొట్టి ఉంటే తల మాత్రం పైకి ఉండేలా పట్టుకొని అందులో కూర్చోబెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. బట్టలు తీయడానికి సంకోచించనక్కరలేదు. ప్రాణాపాయంలో అవసరం మేరకు అది అనుమతించబడిందని ఉలమాలు చెప్పారు.

సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకొని కడప వైపు సాగే కె.సి. కాలువ మన రెండు జిల్లాలను కలుపుతుంది. వేసవిలో ఆ కాలువ అడుగు కనిపించినప్పుడు నీటి విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సఅద్ బిన్ ఉబాదా (రజి) తన మృతమాత తరఫున ఏ దానం ఉత్తమమని అడిగితే దైవప్రవక్త (స) నీటినే పేర్కొన్నారు. మస్జిదుల ముందు, బస్టాండ్ల వద్ద ప్రతి వేసవీ మనం చలివేంద్రాలు పెడుతున్నాము. మస్జిదు కమిటీలు ఈ యేడు పిల్లలు పరుగెత్తే మైదానం అంచున కూడా ఒక పందిరి, రెండు మట్టి కుండలు, ఒక పెద్ద నీటి తొట్టి ఏర్పాటు చేయాలని నా విన్నపం. ఏ మతం పిల్లవాడైనా అక్కడ తాగాలి. పిల్లలు ఉద్యోగం సాధించడం, సాధించకపోవడం అల్లాహ్ చేతిలో ఉంది. వారు పరుగు నుండి క్షేమంగా ఇల్లు చేరడానికి తగిన ఏర్పాటు చేసే బాధ్యతను మాత్రం ఆయన మన చేతుల్లో పెట్టాడు. దాన్ని నెరవేర్చే భాగ్యం ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.