నల్లబడితేనే వెండికి అందం!

తాడేపల్లిగూడెం దాటి ఉత్తరంగా వెళ్తుంటే డెల్టా వరిచేలు వెనకబడి మెట్టనేల మొదలవుతుంది. కొబ్బరి నీడన కోకో, ఆ పక్కనే పామాయిల్ తోటలు... కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి మీదున్న నల్లజర్ల ఈ మెట్టలోదే. 2022 వరకూ పశ్చిమ గోదావరిలో ఉన్న ఈ ఊరు ఆ ఏడాది జిల్లాల విభజనతో తూర్పు గోదావరిలో చేరింది.

ఈ చుట్టుపక్కల పాత ఇళ్లల్లో దేవుడి గదిలో వెండి రూపాయి ఉండటం మామూలే. పండగొస్తే చాలు, చింతపండుతోనో విభూదితోనో దాన్ని తళతళలాడేలా తోమేస్తారు. నిజానికి బొమ్మ స్పష్టంగా కనిపించేది గీతల్లో నిలిచిన ఆ నలుపు వల్లే!

జార్జి రాజు రూపాయినే తీసుకోండి. బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు వెండే. 1911లో తొలిసారి వచ్చినప్పుడు రాజు దుస్తుల మీది బుల్లి ఏనుగు కాస్తా పందిలా ఉందంటూ గొడవైంది. దాంతో నాణేలు వెనక్కి తీసుకుని 1912లో ఆ బొమ్మను మార్చారు. మరీ తోమేస్తే ఏనుగూ ఉండదు, పందీ ఉండదు!

అలాంటి నాణేన్ని ఉంగరంగా మలిచే సరదా ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులూ ఇలా చేసుకున్నారు. నాణెం మధ్యలో రంధ్రం చేసి, కాల్చి మెత్తబరుస్తూ, మొనదేలిన ఇనుప కడ్డీ మీద కొంచెం కొంచెంగా సాగదీస్తారు. రాజు ముఖం పోతుంది, అంచు అక్షరాలు మిగులుతాయి. కానీ తెల్లటి వెండి మీద అవి కనిపించవే! అందుకే గంధకం కలిసిన మందునీళ్లలో ముంచి నల్లబరుస్తారు. ఆనక పైపైన మెరుగుపెడితే మిట్టలు తెల్లగా, గుంటలు నల్లగా తేలతాయి.

మందు దొరక్కపోతే ఉడికించిన కోడిగుడ్డు చాలు. చిదిమి, ఉంగరంతోపాటు మూతబిగువు డబ్బాలో ఉంచితే గుడ్డులోని గంధకపు ఆవిరే ఆ పని చేస్తుంది. కోళ్ల ఫారాలకు పేరున్న గోదావరి జిల్లాల్లో గుడ్లకేం కొదవ?

నలుపుతో వెండి అందాన్ని చూపడం మనకు కొత్తేం కాదు. బీదర్‌లో, హైదరాబాద్‌లో చేసే బిద్రీ అచ్చం ఇదే సూత్రం, కాకపోతే తిరగేసి! జింకు, రాగి కలిపిన పాత్ర మీద వెండి తీగలు పొదిగి, బీదర్ కోట మట్టీ నవసాగరమూ కలిపి రుద్దుతారు. పాత్ర నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది.

ఒక్క మాట. ఉంగరమైన రూపాయి మళ్లీ రూపాయి కాదు. తాతల నాటిది ఒక్కటే ఉంటే దేవుడి గదిలోనే ఉంచండి. పండక్కి తోమకుండా మెత్తటి గుడ్డతో తుడవండి చాలు. గీతల్లో నలుపు ఉండనివ్వండి... అక్కడే కదా ఏనుగు కనిపించేది!