నీళ్లలో ఏమీ తిరగని పడవ

చెరువులో మేము నడిపిన పడవ వీడియో గ్రూపులో తిరిగినప్పటి నుంచి "అదేం పడవండీ, వెనకాల పెద్ద ఫ్యాను బిగించారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నాం. కాస్త పొడుగే, టీ పెట్టుకుని చదవండి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత వచ్చిన వరదని మన గంజాం జిల్లాలో ఎవరం మరచిపోయాం? పొలాల్లో మోకాటి లోతు నీళ్లు. నడుద్దామంటే బురద. పడవ వేద్దామంటే ఇంజను పంకా వరి దుబ్బుల్లో చుట్టుకుపోతుంది, గట్టుకి కొట్టుకుని విరుగుతుంది. సముద్రంలో అలల మీద పడవ నడిపే మనవాళ్లు మోకాటి నీళ్ల దగ్గర ఆగిపోయారు. చిలికాలో నాచు, గడ్డి పెరిగినచోటా ఇదే బాధ.

గాలిపడవలో నీళ్ల కింద తిరిగేది ఏదీ ఉండదు. అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుంది. పైన ఇంజను, దానికి పంకా, పంకా వెనక చుక్కానులు. గాలిని వెనక్కి తోస్తే పడవ ముందుకు పోతుంది. కొత్త సంగతేం కాదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ బృందం 1905లోనే కెనడాలో ఇలాంటిది నడిపింది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఇవి మామూలే.

మాది చిన్నది. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, మెరైన్ ప్లైవుడ్, పైన ఫైబర్ పూత. 12 గుణించి 4 అంటే 48 చదరపు అడుగులు. అది ఒక్క అంగుళం మునిగితే పక్కకి తోసే నీళ్లు 4 ఘనపుటడుగులు, సుమారు 113 కిలోలు. చెక్క 65 కిలోలు, ఇంజను, ఫ్రేము, పంకా, బోను కలిపి 75, నడిపేవాడు, పెట్రోలు కలిపి 75. మొత్తం 215. లెక్కకి రెండు అంగుళాల లోపే మునగాలి. ముక్కు పైకి వంచాం కాబట్టి రెండున్నర మునిగింది. అరిటాకు తేలినట్టు తేలిందంటే నమ్మండి.

ఇంజను పాత జనరేటరుది, 13 హార్స్‌పవర్. అసలు కష్టం పంకా దగ్గరే వచ్చింది. బజారులో దొరికేది మన స్తోమతకి దూరం. అప్పుడు మా వీధి చివర పడవల మేస్త్రి తాత గుర్తుకొచ్చారు. ఫైబరు పడవలు వచ్చాక ఆయన్ని చెక్క పడవ అడిగినవాళ్లు లేరు. పనిముట్లు గోనెసంచిలో మూటకట్టి అటక మీద పెట్టేశారు. పంకా బొమ్మ చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది తెడ్డేరా బాబూ. గాలికి వేసే తెడ్డు" అన్నారు.

ఆరు టేకు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించాం, 4 అడుగుల పొడవు. రెక్క మధ్యలో ఏటవాలు ఎక్కువ ఉండాలి, కొనకి వెళ్లేకొద్దీ తగ్గాలి. కొన వేగంగా తిరుగుతుంది కాబట్టి అక్కడ అంత వాలు అక్కర్లేదు. ఎంత వేగమంటే, బెల్టుతో నిమిషానికి 2400 చుట్లకి తగ్గించినా కొన గంటకు 550 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ప్రతి మూడు అంగుళాలకీ ఒక అట్టముక్క కత్తిరించి ఇచ్చాం. తాత బాడిసతో దించి, చిత్రికతో నున్నచేసి, అట్టముక్క ఆనించి చూస్తూ పదిహేను రోజులు చెక్కారు. తర్వాత మధ్య చిల్లులో కమ్మీ దూర్చి రెండు అంచుల మీద నిలబెడితే బరువైన రెక్క కిందికి వాలింది. చిటికెడు పొట్టు తీయడం, మళ్లీ చూడటం. చివరికి తేలిక రెక్కకి రెండు పూతలు వార్నిష్ ఎక్కువ వేస్తే నిలిచింది.

కుర్రాళ్లు పక్కన కూర్చుని పనిముట్ల పేర్లు రాసుకున్నారు. బాడిస, ఉలి, చిత్రిక, తమిరి. తెలుగు మాటలే, కానీ రాసింది ఒడియా అక్షరాల్లో! బడిలో నేర్చింది అదే మరి. మన సంఘం తెలుగు తరగతి ఎందుకు ఆగిపోయిందో ఇక్కడ ఎత్తం, మీటింగులో ఎత్తుతాం.

పడవని తాడుతో చింతచెట్టుకి కట్టి, మధ్యలో స్ప్రింగ్ కాటా పెట్టి ఇంజను వేశాం. 34 కిలోల లాగుడు చూపించింది. ఇద్దరిని మోయడానికి చాలు, పరుగు పందేలకి చాలదు.

దీనికి బ్రేకు లేదు, వెనక్కి రాదు. చుక్కాని గాలి తగిలితేనే పనిచేస్తుంది. గట్టు దగ్గరపడిందని భయపడి గ్యాసు తగ్గిస్తే మలుపు తిరగదు, నేరుగా పోయి గుద్దుతుంది. కొంచెం గ్యాసు ఇచ్చి తిప్పాలి. బైకు అలవాటైన చేతికి ఇది ఎదురు పని. అందుకే నెల రోజులు చెరువు దాటలేదు. పంకాకి ముందూ వెనకా ఇనుప బోను ఉంది. పడవలో చెప్పులు, తువ్వాలు, వదులు బోల్టు ఏదీ ఉండకూడదు. పంకాలోకి ఏది పోయినా తూటాలా బయటికొస్తుంది.

నడిపే కుర్రాడు మా వదిన కొడుకు. వాళ్ల నాన్న సముద్రం మీదకి వెళ్లి తిరిగి రాలేదు, మీ అందరికీ తెలిసిందే. వదిన మమ్మల్ని తిట్టలేదు, వద్దనీ అనలేదు. లైఫ్ జాకెట్ తనే కట్టింది. ఇంజను ఆపే తాడు వాడి మణికట్టుకి తనే ముడివేసింది. వాడు పడితే తాడు లాగుకుని ఇంజను ఆగిపోవాలి. "ఏదీ, దూకు చూద్దాం" అని గట్టు మీద నిలబడి మూడుసార్లు దూకించింది. మూడుసార్లూ ఆగాకే ఇంటికి వెళ్లింది.

చప్పుడు మాత్రం దారుణం. చెవులకి మూతలు లేనిదే ఎక్కలేం. కాబట్టి చిలికాలో పక్షులుండే నలబణ వైపు దీన్ని తీసుకుపోయే ఆలోచనే లేదు. వరద వస్తే మన ఊళ్లకి, రాకపోతే చెరువుకి.

ఖర్చు చీటీలన్నీ ఉన్నాయి, మీటింగులో చూపిస్తాం. ఇక అదనపు పంకా ఒకటి కావాలి. మేస్త్రి తాత తను చెక్కనన్నారు, కుర్రాళ్లే చెక్కాలట. మొదటి రెండు దుంగలూ పొయ్యిలోకి పోయాయి. మూడోది నడుస్తోంది.