నేను దాచిన సెకన్లు

మా పాప ఈమధ్య తెల్లవారుజామునే లేచి గ్రౌండ్‌కి వెళ్తోంది. ఇంటర్ సెకండియర్. ఎన్‌డీఏ పరీక్ష రాస్తానంటోంది. మొన్న ఆదివారం నన్నూ లాక్కెళ్లి, "అమ్మా, నేను పరిగెడతాను, నువ్వు టైం చూడు" అని ఫోన్ చేతిలో పెట్టింది. స్టాప్‌వాచ్ చూడగానే నాకు గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్పాలంటే మా అక్క కొడుకు సంగతి చెప్పాలి.

మాది విజయనగరం. మా వైపు, శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఆర్మీ ఉద్యోగం అంటే ఎంత మోజో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా చిన్నా మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివాడు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే కోరిక, ఆర్మీ. 2020లో వాడికి పందొమ్మిదేళ్లు. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చింది. ఆర్మీ ర్యాలీలు ఆగిపోయాయి. ఈ నెల, వచ్చే నెల అంటూ రెండేళ్లు గడిచిపోయాయి. వాడు మాత్రం రోజూ పరిగెడుతూనే ఉన్నాడు. ర్యాలీలు ఆగాయి కానీ వాడి వయసు ఆగలేదు కదా.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల లోపు వాళ్లకే. నాలుగేళ్లు ఉద్యోగం, ఆ తర్వాత నూటికి పాతికమందిని మాత్రమే ఉంచుకుంటారు. చిన్నాకి అప్పటికే 21 దాటేసింది. ఆ రోజు వాడు అన్నం తినలేదు. రెండు రోజుల తర్వాత, కరోనా వల్ల పోయిన కాలానికి బదులుగా ఆ ఒక్క ఏడాదికి 23 ఏళ్ల వరకూ అన్నారు. మా అక్క ఫోన్‌లో, "నాలుగేళ్లకి ఇంటికొచ్చేస్తే పిల్లనెవరిస్తారే?" అని ఒకటే గోల. వాడు మాత్రం, "ఒక్క ఛాన్సు పిన్నీ, ఇదే మొదటిది, ఇదే ఆఖరిది" అన్నాడు.

అప్పటి లెక్క ఇది. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెడితే 60 మార్కులు. 5 నిమిషాల 45 సెకన్లలో వస్తే 48. అది దాటితే ఇంటికే. తర్వాత బీమ్ పట్టుకుని పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి, వంకరటింకర కమ్మీ మీద పడకుండా నడవాలి. పుల్‌అప్స్‌లో వాడికి తిరుగులేదు. కష్టమంతా పరుగుతోనే.

ఆ రెండు నెలలూ వాడి టైం చూసింది నేనే. పాల ప్యాకెట్లు తెచ్చుకునే వేళకి గ్రౌండ్‌కి వెళ్లి గట్టు మీద కూర్చునేదాన్ని. నాలుగు రౌండ్లు. మొదటి రెండూ బాణంలా వచ్చేవాడు. మూడో రౌండులో తగ్గిపోయేవాడు, అది నాకు స్పష్టంగా కనబడేది. నాలుగోది పళ్లు బిగించి లాక్కొచ్చేవాడు. వచ్చి మోకాళ్ల మీద చేతులాన్చి, "ఎంత పిన్నీ?" అనేవాడు. 5:49. ఆ మొహం చూస్తే నోరు రాలేదు. "5:43" అన్నాను. వాడి కళ్లు వెలిగిపోయాయి.

మర్నాటి నుంచి ఇంకా సులువైన దారి కనిపెట్టాను. వాడు గీత చేరకముందే, పదడుగుల దూరంలో ఉండగానే నొక్కేసేదాన్ని. ఎంతైనా పిల్లాడు, ధైర్యం ఉంటే అదే పరిగెడతాడు అనుకున్నాను. పరీక్షల్లో మన పిల్లలకి మనం చెప్పేది కూడా అదే కదా, నీకేం, బాగా రాస్తావు అని.

ర్యాలీ రోజు అర్ధరాత్రి దాటాక పరుగు పెట్టారట. ఒక్కో బ్యాచ్‌లో వందలమంది, భుజాలు రాసుకుంటూ. అందరితో పాటు వీడూ మొదటి రౌండు పిచ్చిగా పరిగెత్తేశాడు. మూడో రౌండులో కాళ్లు బరువెక్కిపోయాయి. టైం అవగానే గీత దగ్గర తాడు అడ్డం పెట్టేశారట. "తాడుకి నాలుగడుగులు ఇవతల ఉన్నాను పిన్నీ" అన్నాడు. ఆ నాలుగడుగులూ నాకు తెలుసు. రోజూ నేను మింగేసినవే.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను, తప్పు ఆ కొలతదా అని. యుద్ధంలో పక్కవాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తాల్సినవాడికి ఆ మాత్రం దమ్ము ఉండాలి. కొలత కఠినంగా ఉంటే తప్పు కాదు. కానీ దాన్ని ఎప్పుడు, ఎవరి మీద పెడుతున్నాం అన్నది కూడా కొలతలో భాగమే. 2021 మార్చిలో ఆర్మీలోని మహిళా ఆఫీసర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మగ ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్ కోసం ఆరోగ్య పరీక్ష ఉద్యోగంలో చేరిన అయిదేళ్లకో పదేళ్లకో అయిపోయింది. ఆడవాళ్లకు ఆ అవకాశమే ఆలస్యంగా ఇచ్చి, నలభైలు దాటిన వాళ్లకు కూడా అదే కొలత పెట్టారు. పైకి చూస్తే అందరికీ ఒకటే నియమం. అసలుకి అది వివక్షే అంది కోర్టు. అది చదివినప్పుడు, చిన్నా పోగొట్టుకున్న రెండేళ్లు గుర్తొచ్చాయి. ఆ రెండేళ్లకి సర్కారు ఒక్క ఛాన్సయినా ఇచ్చింది. నేను దాచిన సెకన్లకి బదులు ఎవరిస్తారు?

కిందటి సంక్రాంతికి చిన్నా వచ్చినప్పుడు చెప్పేశాను. ఇప్పుడు పైడిభీమవరం దగ్గర ఓ మందుల కంపెనీలో చేస్తున్నాడు. అరిసె తింటున్నవాడు ఆగిపోయాడు. కాసేపటికి, "అప్పుడే చెప్పుంటే మూడో రౌండు మీద పని చేసేవాణ్ణి పిన్నీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండేది. తర్వాత మామూలుగానే ఉన్నాడు, వెళ్లేటప్పుడు అరిసెలు కట్టించుకున్నాడు కూడా. నాకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

సరే, పాప సంగతికొస్తాను. 2025 మే 30న ఎన్‌డీఏ నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు పాసై బయటికొచ్చారు. ఆ ఫొటో మా ఫ్రిజ్ మీద అతికించుకుంది. ఆదివారం పరుగు పూర్తి చేసి, ఆయాసపడుతూ వచ్చి అడిగింది, "ఎంతమ్మా?"

అది గీత దాటాకే నొక్కాను. ఉన్నదున్నట్టు చెప్పాను. తను అనుకున్నదానికంటే చాలా ఎక్కువే. మొహం వాడిపోయింది. "నువ్వు సరిగ్గా నొక్కావా?" అంది. నొక్కానన్నాను. ఎక్కడ తగ్గిపోయిందో కూడా చెప్పాను. దారి పొడుగునా మాట్లాడలేదు.

మర్నాడు అయిదింటికి మళ్లీ తనే వచ్చి లేపింది.